ఇంట్ల మనుషులున్నరు గదా!

ఉప్పునీటి అక్వేరియం గురించి ఎవరు చెప్పినా, ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది. ఓపిక. ఈ సరదాకు ఓపిక కావాలట. వారం వారం నీళ్ళు మార్చే ఓపిక, ఉప్పు కలిపే ఓపిక, అద్దం తుడిచే ఓపిక. ఎవరి ఓపికో మాత్రం ఎవరూ చెప్పరు. సరదా ఒకరిది, ఓపిక ఇంకొకరిది అయినప్పుడు దాన్ని సరదా అనకూడదు, చాకిరీ అనాలి. ఈ రోజు నేను రాసేది దాని గురించే. చేపల మీద నాకు కోపం లేదని ముందే చెప్తున్నాను. ఆ నారింజ రంగు క్లౌన్ చేపలు రెండూ నేను అద్దం దగ్గరికి వెళితే ముందుకు వస్తాయి, మా సారు వెళితే రావు.

మా కోటగిరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ నీళ్ళంటే మంజీర, నిజాంసాగర్ కాలువ, బోరు. అలాంటి ఊళ్ళో హాల్లో 4 అడుగుల సముద్రం ఉందంటే చూడ్డానికి జనం వస్తారు. వచ్చినవాళ్ళకు మా సారు చేపల పేర్లు చెప్తారు, లైటు రంగులు మార్చి చూపిస్తారు. నేను చాయ్ ఇస్తాను. "చానా మెయింటెనెన్స్ ఉంటది కదా సార్" అని వాళ్ళంటారు. "ఉంటది, ఏం జేస్తం, ఇష్టం గదా" అని ఆయనంటారు. ఆ "ఏం జేస్తం"లో ఉన్న బహువచనాన్ని కాస్త విప్పి చూపించాలి.

మా తొట్టి 120 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు, 45 ఎత్తు. రాళ్ళు, ఇసుక పోను సుమారు 200 లీటర్ల నీళ్ళు పడతాయి. వారానికి పదో వంతు మార్చాలంటే 20 లీటర్లు. చెప్పుకోవడానికి చిన్న లెక్క, ఒక్క క్యాను నీళ్ళు. కానీ 20 లీటర్లు తీయాలి, 20 లీటర్లు పోయాలి. అంటే వారానికి 40 కిలోలు. సంవత్సరానికి 2 టన్నుల పైమాట. రోజూ ఆవిరైపోయే నీళ్ళు వేరు. మా ఎండాకాలంలో, పైన ఫ్యాను తిరుగుతుంటే, రోజుకు 2 లీటర్లు మామూలుగానే పోతాయి. అదీ కలిపితే ఏడాదికి 3 టన్నులకు అటూ ఇటూ.

మాది చెరకు పండిన ప్రాంతం కాబట్టి టన్ను అంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. చెరకు కొట్టే కూలీకి టన్నుకింత అని లెక్క ఉంటుంది. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా బండి కాటా ఎక్కితే చీటీ చేతికి వచ్చేది. ఇంట్లో మోసిన 3 టన్నులకు కాటా లేదు, చీటీ లేదు. పైగా అది పని కిందికే రాదు. "నీళ్ళు మార్చినవా?" అని అడుగుతారు, "దీపం పెట్టినవా?" అన్నంత తేలిగ్గా.

ఈ కథ మా ఇంట్లో మొదలైంది కాదు. అక్వేరియం పుట్టిన రోజుల్లోనే ఉంది. ఇంట్లో గాజు పాత్రలో సముద్రపు జీవులను పెంచినవాళ్ళలో మొదటి వరసలో ఉన్నది ఆడవాళ్ళే. జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడ 1832 ప్రాంతంలో సిసిలీ దీవిలో సముద్రజీవులను చూడ్డానికి గాజు తొట్లు చేయించింది. తర్వాత 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ సముద్రతీరం నుంచి రాతి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చింది. అప్పటికి కరెంటు లేదు, గాలి పంపు లేదు. నీళ్ళలోకి గాలి ఎక్కాలంటే కిటికీ దగ్గర నిలబడి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తి పోయాలి, మళ్ళీ వెనక్కి పోయాలి. అరగంట, ముప్పావుగంట. ఆ పని చేసింది ఆనా థిన్ కాదు, ఆమె ఇంట్లో పనిపిల్ల. అది అలసిపోయే పనేనని ఆవిడే ఒప్పుకుంది, కానీ ఆ పిల్లకు అదొక ఆటలా ఉండేదని కూడా రాసింది. ఆ పిల్ల పేరు మాత్రం రాయలేదు.

180 ఏళ్ళు కావస్తోంది. పంపులు వచ్చాయి, లైట్లు వచ్చాయి, సముద్రం రంగును కూడా బటన్ నొక్కి మార్చుకుంటున్నాం. పేరు లేని ఆ పిల్ల మాత్రం బకెట్టు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది. మన ఇళ్ళలో ఆమెను పెళ్ళాం అంటారు, కోడలు అంటారు, "ఇంట్ల మనుషులు" అంటారు.

ఈ "ఇంట్ల మనుషులు" అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను. పోయిన ఏడాది ఒక పంపు, ఒక డ్రమ్ము, కొంత పైపు కొందామని నేను అడిగాను. అప్పటికే ఆ తొట్టి మీది లైటుకు ఎంత అయిందో, రాళ్ళకు ఎంత అయిందో నాకు తెలుసు. మా సారు నవ్వి, "దానికెందుకు పైసలు? ఇంట్ల మనుషులున్నరు గదా" అన్నారు. వారం తిరగకముందే మా కోడలు కాన్పుకు ముందు కొన్నాళ్ళు మా దగ్గర ఉందామని వచ్చింది. ఏడో నెల. మర్నాడు పొద్దున నేను పాల కోసం బయటికి పోయి వచ్చేసరికి ఆ పిల్ల కొంగు బిగించి, స్టూలు పక్కన నిలబడి, నిండు బకెట్టు మీద చెయ్యి వేసి ఉంది. "మీ నడుము నొస్తుందన్నరు గద అత్తమ్మా, నేను పోస్త" అంది. బకెట్టు ఇంకా లేవలేదు. నేను దాని చెయ్యి తీసేసి, కుర్చీలో కూర్చోబెట్టి, లోపల పేపరు చదువుతున్న మా సారును పిలిచాను. "ఇంట్ల మనుషులు ఎవరో చూడుండ్రి" అన్నాను. ఆయన చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. మధ్యాహ్నం బోధన్ పోయి డ్రమ్ము తెచ్చారు.

పైసలు ఆయన ఇచ్చారు కానీ మనసులో మాట అంత తొందరగా మారలేదు. చేత్తో చేస్తేనే చేపల సంగతి తెలుస్తుందని, మిషన్లు పెడితే ప్రేమ పోతుందని కొన్నాళ్ళు అన్నారు. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. చేపలు పెంచే మగవాళ్ళు చాలామంది దీన్ని మంత్రంలా చదువుతారు. నాకు ఇది పాత పాటే. గ్రైండర్ వచ్చినప్పుడు రోట్లో రుబ్బిన పచ్చడి రుచి రాదన్నారు. బట్టల మిషను వచ్చినప్పుడు చేత్తో పిండితేనే తెలుపన్నారు. రుచి కావాలన్నవాళ్ళెవరూ పొత్రం పట్టుకోలేదు. అదే పొలంలో మోట పోయి మోటారు వచ్చినప్పుడు, రైతుకు పొలం మీద ప్రేమ తగ్గిందని ఎవరన్నా అన్నారా? అక్కడ మోటారు అంటే తెలివి, ఇక్కడ పంపు అంటే బద్ధకం.

2016లో మిషన్ భగీరథ మొదలైనప్పుడు ఆడవాళ్ళు బిందెలతో రోడ్డెక్కే రోజులు పోవాలన్నారు. మంచి మాట. నల్లా ఇంటిదాకా వచ్చింది. నల్లా దగ్గర్నుంచి హాలుదాకా ఉన్న 30 అడుగుల దూరం మాత్రం ఏ పథకంలోనూ లేదు. దాన్ని మనమే చూసుకోవాలి.

నీరు పల్లమెరుగు అని మనకు సామెత ఉంది. మా ప్రాంతం అన్నం తినేదే ఆ సామెత మీద. మంజీర మీద నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 దాకా కట్టారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పల్లం చూసి కాలువ తీయించారు. నీళ్ళు వాటంతట అవే మైళ్ళు నడిచి వచ్చి వరికి, చెరకుకు పారాయి. అన్ని మైళ్ళు నడిచిన నీళ్ళు మన హాల్లోంచి బాత్రూమ్‌దాకా నడవలేవా? నడుస్తాయి. దారి చూపించాలి, అంతే. మా ఇంట్లో ఇప్పుడు ఎలా జరుగుతోందో రాస్తాను. తొట్టి ఉన్నవాళ్ళు, పెట్టుకోబోయేవాళ్ళు చూసుకోండి.

అన్నిటికంటే ముందు తొట్టి ఎక్కడ పెడతారన్నది. సోఫాకు ఎదురుగా అందంగా ఉంటుందని పెడతారు. బాత్రూమ్‌కు గానీ, గిన్నెలు కడిగే చోటుకు గానీ ఆనుకున్న గోడ చూసి పెట్టండి. ఒకసారి నింపాక 4 అడుగుల తొట్టిని జరపడం నలుగురి వల్ల కూడా కాదు.

తీసే నీళ్ళకు పంపు అక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూడ్డానికి వాడే పారదర్శకమైన పైపు చాలు. తొట్టి ఎత్తులో ఉంది, మోరి కింద ఉంది. పైపు నిండా నీళ్ళు పట్టి, రెండు కొసలూ వేళ్ళతో మూసి, ఒక కొస తొట్టిలో ముంచి, రెండోది బాత్రూమ్ మోరి దగ్గర వదిలితే దానంతట అదే దిగుతుంది. నోటితో పీల్చే అలవాటు వద్దు. ఇక్కడ ఒక చిన్న ఇగురం ఉంది. పైపు మూతిని అడుగుదాకా దించొద్దు. మా తొట్టిలో 20 లీటర్లంటే 3.7 సెంటీమీటర్ల ఎత్తు. పొడుగును వెడల్పుతో హెచ్చవేసి చూడండి, మీ తొట్టికి మీ లెక్క వస్తుంది. నిండు గీత నుంచి సరిగ్గా అంత కిందికి మూతి ఉండేలా క్లిప్పుతో బిగించాం. నీళ్ళు అక్కడికి దిగగానే పైపులోకి గాలి పోయి, ప్రవాహం తెగి, ఆగిపోతుంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు కావలి కాయక్కర్లేదు. ఇసుకలో చెత్త లాగాల్సిన వారం మాత్రం ఒకరు దగ్గర ఉండాలి.

పోసే నీళ్ళకు 100 లీటర్ల నీలం డ్రమ్ము. రసాయనాలు పోసిన పాత డ్రమ్ము కాదు, తిండి సరుకుకు వాడేది. బయట 20, 40, 60 అని గీతలు పెట్టుకోండి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్ళ సంగతి గిన్నెల మీది తెల్ల చారలే చెప్తాయి. అందుకని ఆర్‌వో నీళ్ళే నింపుతాం. ఆర్‌వో మిషను పైపు నేరుగా డ్రమ్ములోకే పెడితే క్యాను మోసే పని పోతుంది. మిషను బయటికి వదిలేసే నీళ్ళను ఇంకో బకెట్లో పట్టి అంట్లకు, వాకిలి కడగడానికి వాడండి. మంచినీళ్ళకంటే వదిలేసేవే ఎక్కువ ఉంటాయి, మోరీలోకి వదిలితే పాపం.

అందులో ఉప్పు. మా చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఇదే: "దొడ్డుప్పు ఏస్తే సాలదా?" చాలదు. వంట ఉప్పు దాదాపు అంతా ఒక్కటే రకం లవణం. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. అక్వేరియం ఉప్పు వేరే దొరుకుతుంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన 20 లీటర్లకు 700 గ్రాములు. ఉప్పులో తేమ ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువే పడుతుంది, రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకుని 1.025 దగ్గర ఆపాలి. ముందు రోజు రాత్రే కలిపి, డ్రమ్ములో చిన్న పంపు తిప్పి వదిలేస్తాం. తెల్లారేసరికి నీళ్ళు తేటగా అవుతాయి. వేడి కూడా తొట్టిలో నీళ్ళతో సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. కూలర్ మోటారు ఉంది కదా అని ఉప్పునీళ్ళలో వెయ్యొద్దు. దాని ఇనుప భాగాలు తుప్పు పడతాయి, కరెంటు నీళ్ళలోకి దిగే ప్రమాదం ఉంది.

ఆ పంపుకే పైపు తగిలించి స్విచ్ వేస్తే నీళ్ళు డ్రమ్ములోంచి తొట్టిలోకి ఎక్కుతాయి. ఎత్తాల్సింది పైపు ఒక్కటే. పైపు మూతి మాత్రం తొట్టి నీళ్ళకు పైన ఉండాలి, లోపల మునగకూడదు. మునిగి ఉండగా కరెంటు పోతే తొట్టిలో నీళ్ళు వెనక్కి డ్రమ్ములోకి దిగి, డ్రమ్ము నిండి, హాల్లోకి వస్తాయి. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పి పోదు కదా.

రోజూ ఆవిరయ్యే నీళ్ళ సంగతి. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి పోయాల్సింది ఉప్పు కలపని ఆర్‌వో నీళ్ళు. చారు మరిగి చిక్కబడితే మనం వేన్నీళ్ళు పోస్తాం గానీ మళ్ళీ ఉప్పు వేస్తామా? కూలర్లో ఉంటుందే తేలే బుడ్డ, అలాంటి ప్లాస్టిక్ ఫ్లోటు ఒకటి తొట్టి అంచుకు బిగించి, పైన అలమరలో 10 లీటర్ల డబ్బా పెట్టాం. నీళ్ళు తగ్గితే అదే వదులుతుంది, నిండితే అదే మూసుకుంటుంది. డబ్బా పెద్దది పెట్టొద్దు. ఫ్లోటు ఇరుక్కుపోయి ఆ 10 లీటర్లూ ఒకేసారి దిగినా ఉప్పు 35 నుంచి 33 దాకా తగ్గుతుంది, చేపలు తట్టుకుంటాయి. 50 లీటర్ల డబ్బా అయితే తట్టుకోవు, పైగా హాలు చెరువు అవుతుంది.

ఇంకొకటి, దీని మీద బేరం ఆడొద్దు. ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుంది. తడి చేతులతో పని చేసేది ఎవరో మనకు తెలుసు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. వైరు వెంట కారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా వదలండి. రంగుల లైటుకు డబ్బున్న ఇంట్లో దీనికి లేదంటే నమ్మకండి.

చాకిరీ తగ్గే అసలు కిటుకు నీళ్ళలో లేదు, మేతలో ఉంది. తిన్నది, తినక వదిలింది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది నైట్రైట్, ఆపైన నైట్రేట్ అవుతుంది. నైట్రేట్‌ను తీయడానికే కదా ఈ నీళ్ళ మార్పిడి. పదో వంతు నీళ్ళు తీస్తే పోయేది పదో వంతు నైట్రేటే, 100 ఉంటే 90 మిగులుతుంది. మా సారు చుట్టాలొచ్చినప్పుడల్లా చేపలు పైకి రావాలని చిటికెడు వేస్తారు. ఆదివారం నలుగురొస్తే నాలుగు చిటికెలు. ఆయన వేసిన మేతకు నేను నీళ్ళు మోశాను. ఇప్పుడు మేత డబ్బా వంటింట్లో, పసుపు డబ్బా పక్కన ఉంటుంది. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. అడిగినవాళ్ళకు చేపలు ఉపవాసం ఉన్నాయని చెప్తున్నారు.

పగడాలు పెట్టండి, నీళ్ళు శుభ్రంగా ఉంటాయని అమ్మేవాళ్ళు చెప్తే వినకండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలు కూడా అంతే. పులిని ఇంట్లో పెట్టుకోవడం ఎంత నేరమో ఇవీ అంత నేరం. క్లౌన్ చేపలను మాత్రం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు తొట్లలోనే పిల్లలు పెట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. అలా పెంచినవే అడిగి తీసుకోండి.

"అంత కష్టమైతే తీసేయరాదూ, మంచినీటి చేపలు పెట్టుకోరాదూ" అని నా స్నేహితురాళ్ళే అన్నారు. మంచి సలహాలాగే ఉంటుంది గానీ ఇందులో నాకు మంట పుట్టించేది ఒకటుంది. కష్టం నాది అని తేలగానే వస్తువును తీసేయమంటారు. పనిని పంచమని ఎవరూ అనరు. వంట కష్టమైతే తినడం మానేద్దామని ఏ ఇంట్లోనూ అనుకోలేదు కదా. ఆ చేపలంటే నాకిష్టం. వాటిని చూసే తీరిక నాకు దొరకాలన్నదే నా గొడవ. మూడేళ్ళుగా ఆ తొట్టి ముందు నేను నిలబడినప్పుడల్లా చేతిలో బకెట్టే ఉంది. కూర్చుని చూసింది ఈ ఏడాదే.

డ్రమ్ము, పంపు, పైపు, ఫ్లోటు అన్నీ కలిపి ఆ లైటు ధరలో సగం కూడా కాలేదు. ఇప్పుడు శనివారం రాత్రి ఉప్పు కలపడం, ఆదివారం పొద్దున పైపు వేయడం మా సారు పని. మొత్తం 20 నిమిషాలు. మొదటి రెండు వారాలు "పైపు యాడుంది?" అని అడిగారు. పెట్టిన చోటే ఉందన్నాను. మూడో వారం అడగలేదు.

తీసిన ఉప్పునీళ్ళు మాత్రం బాత్రూమ్ మోరీలోకే వదలండి. నీళ్ళు వృథా ఎందుకని మా సారు ఒక ఆదివారం పైపును పెరట్లోకి తిప్పబోయారు. అక్కడ కరివేపాకు చెట్టు ఉంది. ఉప్పు ఒకసారి మట్టిలో దిగితే ఆకు మాడిపోతుంది, తర్వాత ఎన్ని మంచినీళ్ళు పోసినా మళ్ళీ కోలుకునేదాకా నమ్మకం లేదు. ఆ చెట్టు మా అత్తమ్మ పెట్టింది, సగం వాడకట్టు పోపు దాని మీదే నడుస్తోంది. పైపును 6 అడుగులు కోసి పొట్టి చేశాను. ఇప్పుడది పెరడు దాకా అందదు.